మూడో కోటు

నాకు ఉద్యోగం వచ్చింది. గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లు తయారుచేసే కంపెనీలో, వాటి మీద మందు పూత పూసే విభాగంలో. వచ్చే సోమవారం చేరాలి. మా ఇంట్లో డిగ్రీ అనేది నాతోనే మొదలు. నాయిన ఐదో తరగతి దగ్గర ఆగిపోయాడు. అమ్మ బడిలో అడుగుపెట్టిందే పిల్లలకు మధ్యాహ్న భోజనం వండడానికి. అందుకే ఫోన్‌లో ఆ ఉత్తరం చూడగానే ఒక్కచోట కూర్చోలేకపోయాను. అమ్మకు నోటితో చెప్పాలని సూర్యాపేట బస్సెక్కాను. దారిలో పక్క సీటు ఆమెకు చెప్పాను. చిట్యాల దాటేసరికి కండక్టరుకు కూడా చెప్పేశాను.

"అయితే మా మామకు ఏసిన రింగు మీరే జేసిండ్రా మేడమ్?" అని నవ్వాడాయన.

మా వైపు స్టెంటు అని ఎవరూ అనరు. రింగు అంటారు, లేకపోతే స్ప్రింగు అంటారు. "మీ మామది కాదు, ఇక మీదట వేసేవి" అన్నాను. బస్సులో నలుగురు తిరిగి చూశారు. నాకు సిగ్గు కూడా వేయలేదు.

అందరికంటే ముందు వినాల్సిన మనిషి మాత్రం లేడు. నాయిన పోయి రెండేళ్ళు దాటింది. ఆయన పోవడానికి, సరిగ్గా ఇలాగే, ఒక ఆదివారం సంతోషం పట్టలేక నేను చెప్పిన ఒక మాట కారణం. ఆ సంగతి అమ్మకు తెలియదు. కనీసం తెలియదని నేను అనుకున్నాను. ఉద్యోగం వార్తతో పాటు ఆ సంగతి కూడా చెప్పెయ్యాలని నిర్ణయించుకునే బస్సెక్కాను. చెప్పకుండా ఆ విభాగంలో గ్లవ్స్ తొడుక్కుని నిలబడడం నావల్ల కాదు.

నాయిన లారీలకు రంగు వేసేవాడు. ఇల్లు సూర్యాపేటలో, షెడ్డు కోదాడలో హైవే పక్కన. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. ఒంటి నుంచి థిన్నర్ వాసన ఎన్ని స్నానాలు చేసినా పోయేది కాదు. చిన్నప్పుడు నాన్నలందరికీ ఆ వాసన ఉంటుందనుకునేదాన్ని.

ఆయన పద్ధతి ఒకటుండేది. ముందు పాత రంగు గీకాలి. సొట్టల్లో లప్పం పెట్టాలి. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కొట్టాలి. ఆ తర్వాత రంగు, మూడు పలచని కోట్లు. ఒక కోటు ఆరాకే ఇంకోటి. ఆరిందో లేదో వేలి కొసతో ముట్టుకోడు. వేలి వెనక వైపు, గోరు పైన ఉండే చర్మంతో తాకి చూసేవాడు. వేలి కొసకు మొద్దుతనం ఎక్కువ, అబద్ధం చెబుతుందనేవాడు. తొందరపెట్టే లారీ ఓనర్లు ఉంటారు కదా, ఒకటే మందంగా కొట్టెయ్యి అంటే మాత్రం కస్సుమనేవాడు.

"ఒక్క కోటుల పని ఖతం జేసేటోడు పెయింటర్ గాదు, సున్నమేసేటోడు. పో, ఆన్ని పిల్సుకో."

ఆయనతో పాటు ఆ షెడ్డులో లారీల మీద పేర్లు, నంబర్లు రాసే మనిషి ఒకాయన ఉండేవాడు. కోదాడ వాడే. నేను మామా అని పిలిచేదాన్ని. నాయిన రంగు వేస్తే ఆయన అక్షరాలు దించేవాడు. ఇద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే చాయ్ రెండు గ్లాసుల్లో పోసుకుని తాగిన వాళ్ళు.

నా చదువంటే మా ఇంట్లో భక్తి లాంటి భయం. పదో తరగతి నుంచీ పరీక్షలంటే టీవీ బంద్. అమ్మ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా దించేది. ఎవరైనా చుట్టం గట్టిగా మాట్లాడితే నాయిన వేలు పెదాల మీద పెట్టి లోపలి గది వైపు చూపించేవాడు. బీఫార్మసీ సూర్యాపేటలోనే చదివాను కాబట్టి ఆ భక్తి కళ్ళారా చూశాను. ఎంఫార్మసీకి హైదరాబాద్ వెళ్ళాక అది ఫోన్‌కు పాకింది. వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చేసేవాళ్ళు కాదు. నేను చేస్తేనే మాట్లాడేవాళ్ళు. "సదువుకునే పిల్లను సతాయించొద్దు" అనేది నాయిన చట్టం.

ఆ చట్టం ఎంత దూరం పోయిందంటే, షెడ్డులో నాయినకు మొదటిసారి గుండె నొప్పి వచ్చి, హైదరాబాద్ తీసుకొచ్చి స్టెంటు వేసేదాకా నాకు చెప్పలేదు. నేనుండేది అదే ఊళ్ళో. మూడు బస్టాపుల అవతల. ఆ రోజు నాకు పరీక్ష. అది రాసి బయటికొచ్చాక మామ ఫోన్ చేశాడు. పరిగెత్తుకుంటూ వెళితే నాయిన మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

"పరీక్ష మంచిగ రాసినవా?" ఇదీ ఆయన మొదటి మాట.

డిశ్చార్జి రోజు డాక్టరు మా ముగ్గురినీ నిలబెట్టి చెప్పాడు. రక్తం గడ్డ కట్టకుండా రెండు రకాల గోలీలు. ఏడాది పాటు ఒక్క రోజు కూడా మానొద్దు. ఎవరు చెప్పినా మానొద్దు. నాయిన తలూపాడు. అమ్మ చీర కొంగుకు ముడి వేసుకుంది, మరిచిపోకుండా.

ఆ తర్వాతే నేను ప్రాజెక్టుకు స్టెంటు పూతలు ఎంచుకున్నాను. ఎందుకని మా సార్ అడిగితే, మా నాయిన గుండెలో ఒకటుంది సార్ అన్నాను.

గోలీలతో నాయినకు కొత్త బాధ మొదలైంది. రేకు గీకే పనిలో చేతులు తెగడం మామూలే. ఇదివరకు థిన్నర్ గుడ్డతో ఒత్తిపడితే ఆగిపోయేది. ఇప్పుడు చిన్న గాటు పడినా నెత్తురు ఆగేది కాదు. ఒకసారి ఆరుతున్న తెల్ల క్యాబిన్ మీద చుక్కలు పడ్డాయట. లారీ ఓనరు, "నేన్ తెల్లరంగు ఏయమంటి గానీ కుంకుమ బొట్లు పెట్టమన్ననా పెద్దాయనా?" అన్నాడట. ఫోన్‌లో నాకు అది జోకులాగే చెప్పాడు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళ పనితనం ఉన్న మనిషికి ఆ చుక్కలు ఎంత నామోషీయో ఆ రోజు నాకు తట్టలేదు.

ఇక ఆ ఆదివారం. ల్యాబులో నా చేత్తో మొదటిసారి ఒక స్టెంటుకు పూత పూశాను. ఆ సంగతి ముందు కన్నవాళ్ళకు చెప్పాలి అన్నంత తొందర. ఇంటికొచ్చేసరికి నాయిన వాకిట్లో మంచం మీద ఉన్నాడు. అమ్మ వంకాయలు కోస్తోంది. చెప్పులు కూడా విప్పలేదు నేను.

"నాయినా, నీ గుండెల ఉన్నది ఉత్త స్ప్రింగు గాదు. దాని మీద కోటింగు ఉంటది."

"ఏం కోటింగు? ఎనామిలా?"

"పాలిమర్ అంటరు. సన్నటి ప్లాస్టిక్ పొర అనుకో. వెంట్రుక కంటె ఎంతో పల్చన. దాంట్ల మందు కలిపి కొడతరు."

నాయిన లేచి కూర్చున్నాడు. "బ్రష్షుతోనా, గన్నుతోనా?"

"గన్నే నాయినా. చిన్న స్ప్రే గన్ను. స్ప్రింగును తిప్పుకుంట కొడతరు."

తొడ చరిచాడు. "విన్నవా? నా బిడ్డ స్ప్రే పెయింటరైంది! నేన్ ముప్పయేండ్ల సంది జేసే పనికే పట్నంల పెద్ద సదువంట."

"అయితే రేపట్నుంచి ఆమెను షెడ్డుకు తోలు, నువ్వు కాలేజికి పో" అంది అమ్మ, తలెత్తకుండా. "కాలేజిల పిల్లలన్న నవ్వుకుంటరు."

నాయిన వినిపించుకునే స్థితిలో లేడు. ఎన్ని కోట్లు, మధ్యలో ఎంతసేపు ఆరాలి, థిన్నర్ లాంటిది ఏం కలుపుతారు, అంచుల దగ్గర కారదా, ఒకటే ప్రశ్నలు. మా సార్ అడగనివి. చివరికి ఒకటి అడిగాడు.

"లోపల పెట్టినంక గా స్ప్రింగును పెద్దగ జేస్తరన్నవ్ గదా. రంగు ఆరినంక గుంజితే పొర పగలదా?"

"మా సారును అడగాలె" అన్నాను. అమ్మ నవ్వింది. నాయిన లోపలికి వెళ్ళి ఒక పాత పెన్ను విప్పి అందులోని స్ప్రింగు తీసి జేబులో వేసుకున్నాడు. "సూస్త" అన్నాడు.

అంతా అయ్యాక అడిగాడు. "మరి ఆ మందు ఏం జేస్తది బిడ్డా?"

ఇక్కడే నేను చెప్పిన మాట. ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "నరం మల్ల మూసుకపోకుండ సూస్తది నాయినా. రోజింత, రోజింత, నెలల తరబడి ఊరుతనే ఉంటది. నువ్వు పండుకున్నా, లారీకి రంగేస్తున్నా, లోపల్నుంచి అదే నీకు మందేస్తుంటది."

నాయిన కుడి చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. నా చదువు చూసి మురిసిపోతున్నాడనుకున్నాను. మురిసిపోతూనే ఉన్నాడు. దాంతోపాటు ఇంకో లెక్క కూడా వేసుకుంటున్నాడు.

నేను చెప్పింది అబద్ధం కాదు. సగం. ఆ మందు కండ పెరిగి నాళం మూసుకుపోకుండా ఆపుతుంది, నిజమే. కానీ ఆపేటప్పుడు చెడ్డ కండ, మంచి పొర అని తేడా చూడదు. స్టెంటు తీగల మీద ఒంటి సొంత పొర ఎదిగి కప్పెయ్యాలి, దాన్నీ ఆలస్యం చేస్తుంది. ఆ పొర కప్పేదాకా రక్తానికి ఆ తీగ పరాయి వస్తువే. తగిలితే గడ్డ కడుతుంది. అలా కట్టకుండా కాపలా కాసేవి ఆ రెండు గోలీలు. అంటే లోపల మందు ఉంది కాబట్టి గోలీలు మానడం కాదు, లోపల మందు ఉంది కాబట్టే మానకూడదు. ఇది నాకు తెలుసు. నా ప్రాజెక్టు పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. అయినా చెప్పలేదు. దాచాలని కాదు. సంతోషంగా చెప్పే మాటల్లోకి అది రాలేదు, అంతే.

పది రోజులకు, నేను ఫోన్ చేసినప్పుడు, నాయిన గొంతు వెలిగిపోతోంది.

"బిడ్డా, పగిలింది! ఒక స్ప్రింగుకు మందంగ ఒకటే కోటు కొట్టిన. గుంజంగనే పెంకులు పెంకులుగ ఊసిపోయింది. ఇంకోదానికి మూడు పల్చటి కోట్లు కొట్టిన. మంచిగ ఆరబెట్టి గుంజిన. నెర్రె గూడ పడలే. మీ సారుకు చెప్పు, కోదాడ పెయింటర్ చెప్పిండని."

సార్‌కు చెప్పాను. ఆయన నవ్వి, చేసి చూడమన్నారు. మందంగా ఒకటేసారి కాకుండా, పలచగా, మధ్యలో ఆరబెడుతూ పూశాను. బెలూన్ మీద ఎక్కించి పెద్దది చేసి, మైక్రోస్కోపు కింద పెట్టాము. తీగ వంపు తిరిగిన చోట్ల కూడా పొర నున్నగా ఉంది. ఒక్క పగులు లేదు. ఆ ఫొటో ప్రింటు తీయించుకుని నాయినకు ఫోన్ చేశాను.

ఆయన ఆ రోజు కోదాడలో లేడు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లారీకి రంగు వేయడానికి మామతో కలిసి వెళ్ళాడు.

"నాయినా, నీ ఫార్ములా పాసైంది! ఫొటో తెస్తున్న. నేరుగ ఆడికే వస్తున్న."

"రా రా. తెల్ల లారీ. రెండో కోటు ఆరుతున్నది. మూడోది కొట్టేలోపు రా, సూద్దువు గానీ."

ఆ గొంతు వినడం అదే చివరిసారి.

మిర్యాలగూడ బస్టాండులో దిగుతుండగా మామ ఫోన్ చేశాడు. "అమ్మాయ్, మిల్లుకి రాకు. పెద్దాసుపత్రికి రామ్మా." గొంతులోనే తెలిసిపోయింది. నేను వెళ్ళేసరికి గుడ్డ కప్పేశారు. మళ్ళీ గుండెపోటే అన్నారు. చేతుల మీద తెల్ల రంగు చుక్కలు. గోరు పైన, ఆయన తాకి చూసే చోట, ఒక తెల్లటి మరక. రెండో కోటు ఆరిందో లేదో అప్పుడే చూసినట్టున్నాడు.

సామాన్లు తీసుకురావడానికి మామతో మిల్లుకు వెళ్ళాను. ఉడకబెట్టిన వడ్ల వాసన. ఎండలో తెల్ల లారీ నిలబడి ఉంది. నాయిన సంచిలో టిఫిన్ డబ్బా, పాత చొక్కా, గోలీల షీట్లు. అమ్మ ఏ వారానికావారం పెట్టి పంపే షీట్లు. చూశాను. రెండు వారాలవి అలాగే ఉన్నాయి. ఒక్కటీ చిదిమి లేదు.

"మామా, నాయిన గోలీలు ఏసుకుంటలేడా?"

మామకు నా మొహం చూడాలన్న ఆలోచన లేదు. ఏడుస్తూనే, గర్వంగా చెప్పాడు. "మీ నాన్న ఎంత మురిసేవాడమ్మా! షెడ్డుకి ఎవరొచ్చినా అదే మాట. నా కూతురు చెప్పింది, నా స్ప్రింగు మందు కొట్టిన స్ప్రింగు, అదే లోపల్నుంచి మందేస్తుంది, ఇంక ఈ గోలీలు దేనికిరా, ఉత్తగా నెత్తురు కారడానికి, అనేవాడు. చేతులు తెగితే ఇప్పుడు చప్పున ఆగిపోతోందని నాకు చూపించాడు కూడా."

లారీ చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాను. కాసేపటికి మామకు కూడా అర్థమైంది. నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మకు చెప్పకు మామా."

"చెప్పనమ్మా. నా మీద ఒట్టు."

ఫొటో నా బ్యాగులోనే ఉండిపోయింది. ఆ లారీకి మూడో కోటు ఎవరు కొట్టారో నాకు తెలియదు. హైవే మీద తెల్ల లారీ కనబడితే ఇప్పటికీ ఎండ పడే వైపు చూస్తాను, పొర పలచగా ఉందా అని.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగాడు, పలచని పొరలుగా పూయాలన్న ఆలోచన ఏ పేపర్ నుంచి తీసుకున్నావని. లారీ పెయింటర్ నుంచి సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. రాసుకున్నాడు. బయటికొచ్చి ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

నిన్న సాయంత్రం ఇంటికి చేరేసరికి అమ్మ బడి నుంచి అప్పుడే వచ్చి, వాకిట్లో మంచం మీద రేపటి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఉద్యోగం అనగానే చేట పక్కన పెట్టేసింది. నా రెండు చెంపలు పట్టుకుంది. చేతులకు బియ్యం తవుడు. తర్వాత గోడ మీంచి పక్కింటామెను కేకేసింది.

"వదినా! మా పిల్లకు నౌకరొచ్చింది. గుండెల రింగులకు రంగేస్తదంట!"

"రంగు కాదమ్మా, మందు."

"ఏదో ఒకటి. వాళ్ళ నాయిన పనే."

పక్కింటామె వచ్చి, చక్కెర తిని, మా అమ్మ కాసేపు ఏడ్చి కాసేపు నవ్వి, ఆమె వెళ్ళిపోయాక వాకిలి ఖాళీ అయింది. అప్పుడు చెప్పాను. చెప్పులు విప్పకుండా చెప్పిన ఆ ఆదివారం మాట, మిల్లులో దొరికిన షీట్లు, మామ చేత వేయించిన ఒట్టు. అన్నీ. అమ్మ మొహం వైపు చూడలేక చేటలోని బియ్యం చూస్తూ చెప్పాను.

అమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"నాకెర్కే" అంది.

తల ఎత్తాను.

"ఆనాడు నువ్వు పట్నం పోయిన మర్నాడే మీ నాయిన నా దగ్గరికొచ్చిండు. లోపల్నే మందున్నదంట, ఇగ గోలీలు ఎందుకే, బంద్ జేద్దునా, అన్నడు. డాక్టర్ వద్దన్నడు గదా, పిల్లకు ఫోన్ జేసి అడుగు అన్న. పరీక్షలున్నయే, సతాయించకు అన్నడు. నేన్ గూడ సరే అన్న." రాయి ఏరి పడేసింది. "నీ నంబరు నొక్కుడు నాకొస్తది. నొక్కలే."

"అమ్మా..."

"షీట్లు వారం వారం సంచిల పెట్టిన. ఏసుకుంటుండో లేదో సంచి తీసి సూడలే. రెండేండ్ల సంది నీకు భయపడుతున్న. అమ్మా, నాయినను గోలీలు ఎందుకు మాననిచ్చినవ్ అని ఏనాడన్న అడుగుతవేమో అని. నువ్వు ఇంటికొచ్చినప్పుడల్ల గుండె దడదడ అనేది నాకు."

ఒకే ఇంట్లో, ఒకే మనిషి ఫొటో కింద, ఇద్దరం ఒకరి నుంచి ఒకరం దాక్కుని రెండేళ్ళు అన్నం తిన్నాం. నేను అమ్మ ఒళ్ళో తల పెట్టలేకపోయాను, అక్కడ చేట ఉంది. మోకాలి మీద పెట్టాను. థిన్నర్ వాసన ఎక్కడా లేదు. తవుడు వాసన.

కాసేపటికి అమ్మే అంది. "సరే. మల్ల మొదట్నుంచి చెప్పు. ఆ స్ప్రింగు సంగతి. ఆనాడు చెప్పిన తీరుగ కాదు, మొత్తం చెప్పు."

చెప్పాను. తీగ, దాని మీద పొర, పొరలో మందు, ఆ మందు ఆపేది ఏమిటి, ఆపకూడనిది కూడా ఎలా ఆపుతుంది, అంతవరకు గోలీలు ఏం చేస్తాయి. అమ్మ మధ్యలో ఒక్కచోట ఆపింది.

"అంటే లోపలి రంగు మీద, ఒంటిది ఇంకో కోటు రావాలె. అది ఆరేదాక గోలీలు."

"అంతేనమ్మా. అదే."

"ఇది ఆనాడు మాకు చెప్తే అర్థమయ్యేదా?"

అవునంటే ఆమెకేమవుతుందో, కాదంటే ఏమవుతుందో ఆలోచించాను. కానీ ఈ ఇంట్లో ఇక సగం చెప్పే ఓపిక నాకు లేదు.

"అయ్యేదమ్మా. ఇప్పుడు నువ్వు అన్నంతే. రెండు మాటలు."

అమ్మ తలూపింది. చేటలో బియ్యం ఒకవైపుకు జరిపి, ఆ రెండు మాటలు మెల్లగా, బడిలో పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు, తనకు తానే ఒకసారి చెప్పుకుంది. తర్వాత గోడ మీది ఫొటో వైపు తిరిగి, ఆయనకు కూడా చెప్పింది.

"ఇంకో కోటు రావాలె. అది ఆరేదాక ఏసుకోవాలె."